సెట్టు తగిలింది, చిప్స్ రాలేదు: 12 వారాల పోకర్ టోర్నమెంట్ డైరీ

చేతిలో ఏడుల జతతో, ఫ్లాప్‌లో (బల్ల మీద అందరికీ కలిపి పరిచే మొదటి మూడు కార్డుల్లో) ఇంకో ఏడు వచ్చి సెట్టు తగిలితే నాకు వచ్చింది 9 బిగ్ బ్లైండ్లు (కార్డులు పంచకముందే ఒకరు తప్పనిసరిగా కట్టే పెద్ద పందెం, అదే కొలత). ఎదుటివాడి చేతిలో టాప్ పెయిర్ (బల్ల మీది పెద్ద కార్డుతో జత) ఉంది. ఆ హ్యాండ్‌లో 30 పైన రావాలి. మిగతావి ఎక్కడ పోయాయో వెతకడానికి పెట్టుకున్న లెక్కల పుస్తకం ఇది. నాలాగే చెడ్డ హ్యాండ్‌లను బాగానే పారేస్తూ, మంచి హ్యాండ్‌లతో చిల్లర ఏరుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఒక మాట. నేనుండేది న్యూజెర్సీ, ఎడిసన్‌లో. ఇక్కడ లైసెన్సున్న ఆన్‌లైన్ పోకర్ 2013 నవంబరు నుంచి చట్టబద్ధం. 21 ఏళ్లు నిండాలి, ఆడేటప్పుడు మనిషి రాష్ట్రంలోనే ఉండాలి. మన దగ్గర అలా కాదు: తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి, 2025లో కేంద్ర చట్టం దేశమంతటికీ వచ్చింది. అక్కడివాళ్లు ఈ లెక్కలను ఉత్తుత్తి చిప్స్‌తోనే సరిచూసుకోండి.

నేనాడినవి 5 నుంచి 20 డాలర్ల టోర్నమెంట్లు, రాత్రి పిల్లలు పడుకున్నాక.

దశ 0: రికార్డులు (అసలు మొదలవ్వకముందే తప్పు)

తొమ్మిది రోజులు, 14 టోర్నమెంట్లు ఆడాక ఫోల్డర్ తెరిస్తే ఖాళీ. హ్యాండ్ హిస్టరీ సేవ్ చేసే ఆప్షన్ మనమే ఆన్ చేసుకోవాలట. ఆ 14 లెక్కలోకి రావు. మీరు ఈ క్రమంలో చేయండి:

1. సెట్టింగ్స్‌లో హ్యాండ్ హిస్టరీ సేవ్ ఆన్ చేయండి. ఫోల్డర్ ఎక్కడుందో రాసి పెట్టుకోండి.
2. ఒక్క టోర్నమెంట్ ఆడి, ఫైలు వచ్చిందో లేదో చూశాకే రెండోది ఆడండి.
3. పోకర్ ట్రాకర్ 4 లోకి ఎక్కించండి. మీ సైట్ ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను ఒప్పుకుంటుందో లేదో ముందు నిబంధనల్లో చూసుకోండి.
4. ఫ్లాప్‌లో ఓవర్ పెయిర్ (బల్ల మీది కార్డులన్నిటికన్నా పెద్ద జత చేతిలో), టూ పెయిర్ (రెండు జతలు), సెట్టు, అంతకంటే పైవి ఫిల్టర్ చేసి షీట్‌లోకి దించండి. నేను బలమైనవి అనేది వీటినే.

షీట్‌లో గళ్లు: నా స్టాక్ (నా దగ్గరున్న చిప్స్), ఫ్లాప్ నాటికి పాట్ (మధ్యలో పోగైన పందెం), ఎంతమంది ఉన్నారు, ప్రతి దఫాలో (ఫ్లాప్, నాలుగో కార్డు టర్న్, చివరిదైన ఐదో కార్డు రివర్) నా బెట్ పాట్‌లో ఎంత శాతం, వాళ్ల జవాబు, చివరికి ఎవరి చేతిలో ఏముంది.

మొదట గెలుపును డాలర్లలో రాశాను. అర్థం లేని పని, టోర్నమెంట్ మధ్యలో చిప్స్‌కు డాలర్ ధర కట్టడం కష్టం. తర్వాత చిప్స్‌లో రాశాను. అదీ కుదరలేదు, రెండో లెవెల్లో 3,000 చిప్స్ కొండంత, ఇరవయ్యో లెవెల్లో చిటికెడు. చివరికి అంతా బిగ్ బ్లైండ్లలోకి మార్చాను. ఇకపై బీబీ అంటే అదే.

దశ 1: నేనెలా ఆడుతున్నానో చూడటం (1, 2 వారాలు)

ఇప్పటిదాకా మొత్తం: 22 టోర్నమెంట్లు, దాదాపు 2,000 హ్యాండ్‌లు, అందులో బలమైనవి 41. పెట్టింది 196 డాలర్లు, వచ్చింది 141.

41లో 24 సార్లు ఫ్లాప్‌లో చెక్ చేశాను, అంటే బెట్ చేయకుండా ఊరుకున్నాను. దాన్ని నేను వల వేయడం అనుకునేవాణ్ణి. ఆ 24 ఏమయ్యాయంటే: 13 సార్లు టర్న్‌లో బెట్ చేయగానే ఎదుటివాడు పారేశాడు. 7 సార్లు ఏదో కొంత వచ్చింది. 4 సార్లు ఉచితంగా ఇచ్చిన కార్డుతో వాడే నన్ను దాటిపోయాడు.

మొదట్లో చెప్పిన ఏడుల హ్యాండ్ ఇది. 80 బీబీ స్టాక్, 2.2కి రెయిజ్ చేశాను (పందెం పెంచాను), బిగ్ బ్లైండ్ కట్టినవాడు కాల్ (తనూ అంతే కట్టాడు). ఆంటీతో (ముందే కట్టే అదనపు పందెంతో) కలిపి పాట్ 6, నా వెనక, అంటే ఇంకా నా దగ్గర మిగిలినవి 78. ఫ్లాప్ ఇస్పేటు రాజు, డైమను ఏడు, కళావరు నాలుగు. ఇద్దరం చెక్. టర్న్ ఆటీను తొమ్మిది, నేను 3, కాల్. రివర్ రెండు, నేను 6, కాల్. వాడు రాజు, జాకీ చూపించాడు.

అదే పాట్ 6తో మొదలుపెట్టి, ప్రతి బెట్‌కూ కాల్ వస్తే నాకు ఎంత వస్తుందో కాగితం మీద వేశాను:

- చెక్, సగం, సగం: 3 + 6 = 9
- మూడు దఫాలూ మూడో వంతు: 2 + 3.3 + 5.6 = దాదాపు 11
- మూడు దఫాలూ సగం: 3 + 6 + 12 = 21
- మూడు దఫాలూ మూడింట రెండు వంతులు: 4 + 9.3 + 21.8 = దాదాపు 35
- మూడు దఫాలూ పాట్ అంత: 6 + 18 + 54 = 78, అంటే స్టాక్ మొత్తం

ఈ కాగితాన్ని ఇప్పటికీ మానిటర్ కింద అంటించే ఉంచాను. ఒక బెట్ పెరిగితే తర్వాతి బెట్‌కు ఆధారమైన పాట్ కూడా పెరుగుతుంది. అందుకే ఫ్లాప్‌లో వదిలేసిన 4 బీబీ, రివర్‌కు వచ్చేసరికి ఇరవై పైగా అవుతోంది. రాజు–జాకీ వాడు చివరి 21.8కి కాల్ చేసేవాడని ఒట్టేసి చెప్పలేను. కానీ మొదటి రెండు దఫాలే 13. ఆ ఒక్కటే నేను గెలిచిన 9 కన్నా ఎక్కువ.

పక్క టౌన్‌లో ఉండే ఒక అన్న నాకన్నా చాలా ఏళ్ల ముందు నుంచి ఆడుతున్నారు. షీట్ చూపిస్తే నవ్వేశారు. "తమ్ముడూ, నువ్వు తెలివితో చెక్ చేయట్లా, భయంతో చేస్తున్నావు. వాడు పారిపోతాడేమోనని."

నిజమే. చిన్నప్పుడు సంక్రాంతికి మా ఊళ్లో మూడు ముక్కలాట ఆడేటప్పుడు మా బాబాయ్ మూడు ఆసులు పట్టుకుని కూడా చావుకబురు విన్నట్టు మొహం పెట్టేవాడు. మేమంతా దాన్నే గొప్ప ఆట అనుకునేవాళ్లం. కానీ అక్కడ ఒకరు తగ్గినా ఇంకొకరు పందెం పెంచేవాళ్లు ఉంటారు. ఇక్కడ బిగ్ బ్లైండ్ వాడు రాజు–జాకీతో తనంతట తాను పాట్ పెంచడు. నేను పెంచితే కాల్ చేస్తాడు, అంతే.

ఈ దశలో ఇంకో తప్పు కూడా చేశాను. బెట్ చేసిన 17 హ్యాండ్‌ల సగటు గెలుపు, చెక్ చేసిన 24 సగటు పోల్చాను. బెట్ చేసినవాటిలో ఒక్క ఆసుల జతే 38 బీబీ తెచ్చింది. అది తీసేస్తే సగటు కుప్పకూలింది. ఇంత తక్కువ హ్యాండ్‌లకు గెలుపు సగటు కొలబద్ద కాదు. మార్చుకున్న కొలత: బెట్ చేసే అవకాశం ఉన్న దఫాల్లో ఎన్నింట్లో చేశాను? 88కి 46, అంటే 52 శాతం. ఇది అదృష్టం మీద ఆధారపడదు, నా చేతిలో ఉన్నది.

దశ 2: ఫ్లాప్‌లోనే బెట్ (3 నుంచి 5 వారాలు)

పెట్టుకున్న రూల్ ఒక్కటే: బలం ఉంటే ఫ్లాప్‌లో చెక్ లేదు, పాట్‌లో 75 శాతం బెట్.

మొదటి వారం బాగానే నడిచింది. రెండో వారం నుంచి కాల్స్ ఆగిపోయాయి. కారణం పట్టుకోవడానికి మూడు రాత్రులు పట్టింది, ఎందుకంటే బలమైన హ్యాండ్‌లనే చూస్తూ కూర్చున్నాను. మిగతావి కూడా తీసి పక్కన పెడితే కనబడింది: బలమున్నప్పుడు 75 శాతం, లేనప్పుడు 33 శాతం బెట్ చేస్తున్నాను. చేతిలో ఏముందో సైజే చాటింపు వేస్తోంది. నా సైట్‌లో నెవాడా, మిషిగన్ వాళ్లు కలిసినా రాత్రిపూట 10 డాలర్ల టేబుళ్ల దగ్గర అవే పేర్లు కనబడతాయి. వాళ్లలో ఒకడు నా పెద్ద బెట్‌కు ఆరుసార్లలో ఆరుసార్లూ పారేశాడు. నాకన్నా ముందే నా షీట్ వాడు చదివేసినట్టుంది.

మార్చింది: సైజు నా చేతిని బట్టి కాదు, ఫ్లాప్‌ను బట్టి.

1. రాజు–ఏడు–రెండు లాంటి పొడి ఫ్లాప్, మూడు వేర్వేరు రంగులు: బలమున్నా లేకపోయినా బెట్ చేస్తే మూడో వంతే.
2. జాకీ–పది–ఎనిమిది, రెండు ఆటీన్లు లాంటి తడి ఫ్లాప్: చేస్తే మూడింట రెండు వంతులు. ఫ్లష్ డ్రా వాడికి (ఒకే రంగు కార్డులు ఐదుకు ఇంకొక్కటి తక్కువైనవాడికి) రివర్ దాకా 35 శాతం అవకాశం ఉంది. వాడిచేత ధర కట్టించాలి, వాడు కడతాడు కూడా.
3. పొడి ఫ్లాప్‌లో చిన్నగా మొదలుపెడితే టర్న్‌లో ముప్పావు, రివర్‌లో పాట్ అంత.

మూడోదాని మీద నాకు అనుమానం ఉండేది. మూడో వంతుతో మొదలుపెడితే 11 దగ్గరే ఆగిపోతానేమోనని. లెక్క వేస్తే కాదు: పాట్ 6లో 2, పాట్ 10లో 7.5, పాట్ 25లో 25, మొత్తం 34.5. మూడు దఫాలూ మూడింట రెండు వంతులు వేసినంత. పైగా ఫ్లాప్‌లో 2 బీబీకి చిన్న జతవాళ్లు కూడా వెంట వస్తారు. టర్న్, రివర్‌లో పెద్ద సైజు వాడుతున్నాం కాబట్టి బ్లఫ్ చేసినప్పుడూ అదే సైజు వాడాలి, లేకపోతే చాటింపు మళ్లీ మొదలు.

ప్రీఫ్లాప్ (ఫ్లాప్‌కు ముందు) సంగతి ఒక్క ముక్కలో: ఆసుల జతతో ఊరికే కాల్ చేసి కూర్చోవడం మానేశాను. అది 221 హ్యాండ్‌లకు ఒకసారి వస్తుంది. ఒక్కడి మీద, వాడి చేతిలో ఏదైనా సరే, 85 శాతం గెలుస్తుంది. నలుగురిని చవగ్గా లోపలికి రానిస్తే 56కి పడిపోతుంది.

ఇప్పటిదాకా మొత్తం: 51 టోర్నమెంట్లు, దాదాపు 4,600 హ్యాండ్‌లు, బలమైనవి 97. పెట్టింది 463, వచ్చింది 402.

దశ 3: రివర్ బెట్ ఎంత? (6 నుంచి 8 వారాలు)

ఈ దశలోనే ఎక్కువ సమయం పోయింది. ఎక్కువ నేర్చుకున్నదీ ఇక్కడే.

రివర్‌లో వాల్యూ కోసం (నాకన్నా తక్కువ చేయి కాల్ చేయాలని) వేసిన బెట్లన్నీ తీసి రెండు గుట్టలు చేశాను. మూడో వంతు దగ్గరివి 27, కాల్స్ 19. ముప్పావు దగ్గరివి 29, కాల్స్ 14. సైజును కాల్ శాతంతో గుణిస్తే చిన్నది బెట్‌కు 0.23 పాట్, పెద్దది 0.36 పాట్. పెద్ద బెట్‌కు నూటికి 31 మంది కాల్ చేసినా చిన్నదానితో సమానం. ఇక పండగే అనుకుని ఆ వారమంతా ఓవర్ పెయిర్లతో కూడా ముప్పావు వేసుకుంటూ పోయాను. రెండు టోర్నమెంట్లలో అలాగే బయటికొచ్చాను.

అన్నకు ఫోన్ చేస్తే ఒకటే అడిగారు: "కాల్ వచ్చిన 14లో ఎన్ని గెలిచావు?"

అది నేను లెక్కే వేయలేదు. కాల్ వస్తే డబ్బు వచ్చినట్టే అనుకున్నాను. మళ్లీ వేశాను:

- చిన్న బెట్లు: 19 కాల్స్‌లో 17 గెలుపు, 2 ఓటమి. నికరం 15. బెట్‌కు 0.19 పాట్.
- పెద్ద బెట్లు: 14 కాల్స్‌లో 11 గెలుపు, 3 ఓటమి. నికరం 8. బెట్‌కు 0.21 పాట్.

0.23, 0.36 మధ్య ఉన్న తేడా దాదాపు మాయమైంది. పెద్ద బెట్‌కు కాల్ చేసేవాడి చేయి, చిన్న బెట్‌కు కాల్ చేసేవాడి చేతికన్నా గట్టిది. నేను మర్చిపోయింది అదే. పెద్ద బెట్లను ఇంకోసారి విడగొట్టాను:

- సెట్టు, అంతకు పైవి: 16 బెట్లు, 7 కాల్స్, ఏడూ గెలుపే. బెట్‌కు 0.33 పాట్.
- ఓవర్ పెయిర్, టూ పెయిర్: 13 బెట్లు, 7 కాల్స్, 4 గెలుపు, 3 ఓటమి. బెట్‌కు 0.06 పాట్.

ఓవర్ పెయిర్‌తో ముప్పావు వేసి నేను సంపాదించింది టీ ఖర్చు. 29 బెట్ల లెక్కను శాసనంలా పట్టుకోకూడదని తెలుసు, కానీ ఇది ఎటు చూపిస్తోందో మాత్రం అనుమానం లేదు. అప్పటి నుంచి రివర్‌లో బెట్ నొక్కేముందు మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను:

1. నాకన్నా తక్కువైన ఏ హ్యాండ్‌లు ఈ సైజుకు కాల్ చేస్తాయి? పేర్లు చెప్పాలి, "ఏవో ఉంటాయి" కుదరదు.
2. నాకన్నా ఎక్కువైనవి ఏవి కాల్ చేస్తాయి?
3. మొదటి జాబితా రెండోదానికన్నా పెద్దదేనా? కాకపోతే సైజు తగ్గించు, లేదా చెక్.

జాబితాలు వేయడం చేత్తో కష్టంగా ఉంటే ఈక్విలాబ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఎదుటివాడి దగ్గర ఉండగల హ్యాండ్‌లు అందులో పెట్టి చూడొచ్చు. శనివారం పూట నాలుగైదు హ్యాండ్‌లు చేస్తే ఆదివారం ఆడేటప్పుడు బుర్ర దానంతటదే చేస్తుంది.

మరి సైజు చేతిని బట్టి మార్చకూడదని దశ 2లో చెప్పావుగా అంటారు. అవును. ఆ మడి నన్ను గుర్తుపట్టే ఏడెనిమిది మంది రెగ్యులర్ల దగ్గరే. 5 డాలర్ల టేబుల్లో నన్ను మొదటిసారి చూసి, మళ్లీ చూడబోని మనిషి దగ్గర ఆ మడి కట్టుకోను. సెట్టుతో పెద్దది, ఓవర్ పెయిర్‌తో చిన్నది వేస్తాను. వాడి చేతిలో జత ఉన్నప్పుడే రాబట్టుకోవాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు కదా. ఫ్లష్ పడే నాలుగో కార్డు బల్ల మీదకొస్తే ఆ రాజు–జాకీ వాడి దీపం కూడా ఆరిపోతుంది.

ఇప్పటిదాకా మొత్తం: 84 టోర్నమెంట్లు, దాదాపు 7,600 హ్యాండ్‌లు, బలమైనవి 158. పెట్టింది 781, వచ్చింది 655.

దశ 4: ప్రైజుల గీత దగ్గర రూల్ తిరగబడింది (9 నుంచి 12 వారాలు)

158 హ్యాండ్‌లలో బబుల్ దగ్గరవి, అంటే ఇంకో ఇద్దరు ముగ్గురు బయటికెళ్తే అందరికీ ప్రైజు వచ్చే సమయంలోవి, 11. అందులో 8 సార్లు నా మూడింట రెండు వంతుల ఫ్లాప్ బెట్‌కే ఎదుటివాళ్లు పారేశారు. సైజు చాటింపు కాదు ఇది, అందరికీ అదే సైజు. సమస్య వాళ్ల భయం. ఆ భయం సరైనదే.

లెక్క సులువుగా చూడాలంటే: ముగ్గురు మిగిలారు, చిప్స్ సమానం, ప్రైజులు 50, 30, 20 డాలర్లు. ఒక్కొక్కరి వాటా విలువ 33.33. ఒకడు ఇంకొకడి చిప్స్ మొత్తం గెలిస్తే వాడి చిప్స్ రెట్టింపు, విలువ మాత్రం 43.33. ఓడితే 20. అంటే 10 కోసం 13.33 ఒడ్డుతున్నాడు. కాల్ చేయడానికి సగం అవకాశం చాలదు, 57 శాతం కావాలి. బబుల్ దగ్గర మధ్యరకం స్టాక్ వాడు టాప్ పెయిర్‌ను పారేస్తున్నాడంటే పిరికితనం కాదు, కూడికలు తీసివేతలు వచ్చినవాడు.

అక్కడ స్టాక్‌లు కూడా చిన్నవి. పాట్ 6, వెనక 24 ఉంటే మూడు దఫాలూ 54 శాతం వేస్తే మొత్తం లోపలికి పోతుంది. 2, 5, 17 అని కూడా పోతుంది. 78 బీబీని లోపలికి తోయాలంటే ప్రతి దఫా కావాలి. 24ను తోయడానికి రెండు దఫాలు చాలు. కాబట్టి ఫ్లాప్‌లో చెక్ అనే, నేనే నిషేధించిన పని, ఇక్కడ మళ్లీ పనికొస్తోంది. మార్చింది:

1. ఎదుట మధ్యరకం స్టాక్: పాట్‌లో పావు నుంచి మూడో వంతు. పొడి ఫ్లాప్, నా చేతిలో సెట్టు అయితే ఒక్కోసారి చెక్.
2. ఎదుట అందరికన్నా పెద్ద స్టాక్: మామూలు సైజులు. వాడికి భయం తక్కువ, కాల్ చేస్తాడు.
3. ఎదుట 8, 10 బీబీల చిన్న స్టాక్, ఇప్పటికే మూడో వంతు పెట్టేశాడు: ఇక తెలివితేటలు వద్దు, ఆల్ ఇన్ (చిప్స్ అన్నీ లోపలికి).
4. నా చేతిలో ఓవర్ పెయిర్ మాత్రమే ఉండి, నన్ను బయటికి పంపగల స్టాక్ రెయిజ్ చేస్తే: పై 57 శాతం నాకూ వర్తిస్తుంది.

నాలుగోది రాసుకోవడానికి కారణం పదో వారం. 20 డాలర్ల టోర్నమెంట్, బబుల్‌కు ఇద్దరు. రాణుల జత, ఫ్లాప్ తొమ్మిది–ఎనిమిది–ఆరు. పెద్ద స్టాక్ ఆల్ ఇన్ అంటే "బలమైన హ్యాండ్ కదా" అనుకుని కాల్ చేశాను. వాడిది పది–ఏడు, అంటే ఆరు నుంచి పది దాకా వరుస. పది వారాలుగా షీట్‌లో "బలమైనది" అని ఒకే గడిలో పెట్టి, ఆ మాటను నేనే నమ్మేశాను. ఆ రాత్రే గడిని మూడుగా విడగొట్టాను: ఓవర్ పెయిర్, టూ పెయిర్, సెట్టు–పైవి. మీరు మొదటి రోజే అలా చేయండి.

వీలున్న వారాల్లో ఐసీఎమైజర్‌లో (పై ప్రైజుల లెక్కలాంటివి వేసే సాఫ్ట్‌వేర్) అరగంట కూర్చున్నాను. ప్రీఫ్లాప్ ఆల్ ఇన్‌లకు బాగుంటుంది. ఫ్లాప్ తర్వాత సైజుల విషయంలో నాకు దానివల్ల ఒరిగింది తక్కువ.

మార్పు తర్వాత బబుల్ దగ్గర వచ్చినవి 9 హ్యాండ్‌లు. ఎదుటివాళ్లు ఫ్లాప్‌లోనే పారేసినవి 3.

ఇప్పటిదాకా మొత్తం: 118 టోర్నమెంట్లు, దాదాపు 10,700 హ్యాండ్‌లు, బలమైనవి 229. పెట్టింది 1,094 డాలర్లు, వచ్చింది 1,163. ఇందులో 312 ఒక్క మూడో స్థానానిదే. అది లేకపోతే 851, అంటే నష్టం. 118 టోర్నమెంట్ల మీద లాభనష్టాలు చెప్పేవాళ్లను నమ్మకండి, నాతో సహా.

చెప్పగలిగింది ఇది: చివరి దశలో 71 బలమైన హ్యాండ్‌లు, బెట్ చేయగలిగిన దఫాలు 139, చేసినవి 108. 52 శాతం నుంచి 78కి వచ్చింది.

మిగిలిన పని

229లో 46 హ్యాండ్‌లలో ఫ్లాప్‌కు ముగ్గురు లేక అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు. పై లెక్కలన్నీ ఒక్కడు ఎదురుగా ఉన్నప్పటివే ప్రధానంగా. ఆ 46ను వేరే షీట్‌లోకి తీస్తున్నాను.

నిన్న ఆదివారం రాత్రి మళ్లీ ఏడుల జత. దాదాపు అదే స్టాక్, ఫ్లాప్‌లో రాజు, ఏడు, మూడు. పాట్ 6లో 2 వేశాను, కాల్. టర్న్‌లో ఐదు, నేను 7.5. వాడు కాసేపు ఆలోచించి పారేశాడు. షీట్‌లో రాసింది: సెట్టు, రెండు దఫాలకు రెండు, సైజులు సరి, ఫ్లాప్ తర్వాత వచ్చింది 2 బీబీ. వ్యాఖ్యల గడి ఖాళీగా వదిలేసి తర్వాతి వరుసకు వెళ్లాను.